రోగి చెప్పని మందు: వైద్యవిద్యలో ‘ప్రత్యామ్నాయ’ వైద్య బోధన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆధునిక వైద్యవిద్యార్థులకు ఆయుర్వేదాది పద్ధతులను కూడా బోధించాలన్న ప్రతిపాదన 2020 నాటి జాతీయ విద్యావిధానంతో మళ్ళీ ముందుకు వచ్చింది. దీనిపై చర్చ ఇంతవరకు వైద్యసంఘాలకూ ప్రభుత్వాలకూ మధ్యనే ఎక్కువగా సాగింది. ఈ వ్యాసం ఆ ప్రతిపాదనను భాష వైపు నుంచి పరిశీలిస్తుంది. అందులోని పదాలు ఏ అర్థాలను మోసుకొస్తున్నాయి, మద్రాసులో జరిగిన పూర్వప్రయోగం ఎందుకు నిలవలేదు, చరకుని పేరుతో విద్యార్థికి ఏది ఇస్తున్నారు, ఏది ఇవ్వడం లేదు, తెలుగు రోగి మాట వైద్యుని కాగితంపైకి చేరేసరికి ఏమవుతోంది అనే ప్రశ్నలు ఇక్కడ విమర్శకు వస్తాయి.

కీలకపదాలు: వైద్యవిద్య, ప్రత్యామ్నాయం, ఆయుర్వేదం, మద్రాసు దేశీయ వైద్య పాఠశాల, ఆచంట లక్ష్మీపతి, యల్లాప్రగడ సుబ్బారావు, చరక సంహిత, వ్యవహార తెలుగు.

1. ఉపోద్ఘాతం

జాతీయ విద్యావిధానం - 2020లో వైద్యవిద్యకు దక్కిన చోటు చాలా తక్కువ. ఆ కొద్ది చోటులోనే ఒక పెద్ద మాట ఉంది. ప్రజలు చికిత్స కోసం పలు మార్గాలను ఆశ్రయిస్తున్నారు కనుక వైద్యవిద్య సమన్వయాత్మకంగా ఉండాలని, అల్లోపతి విద్యార్థులందరికీ ఆయుష్ పద్ధతులపై ప్రాథమిక అవగాహన కలిగించాలని, ఆయుష్ విద్యార్థులకు కూడా అదే విధంగా చేయాలని ఆ విధానం చెబుతుంది. వాక్యం మొదటి సగం ఒక వాస్తవాన్ని చెబుతోంది. రెండవ సగం ఒక విధిని చెబుతోంది. మొదటిదాన్ని ఎవరూ కాదనలేరు. మోకాలి నొప్పికి మాత్ర మింగుతూనే తైలం రాయించుకునేవారు, మధుమేహానికి ఇన్సులిన్ వేసుకుంటూనే పొడగపత్రి ఆకు నమిలేవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. చిక్కు అంతా రెండవ సగంలో ఉంది.

‘అవగాహన’ అన్న మాటకు మూలార్థం నీటిలో మునగడం. ఆయుర్వేదంలోని స్వేదవిధుల్లో అవగాహం ఒకటి. ఔషధ కషాయం నింపిన తొట్టిలో రోగిని కూర్చోబెట్టడమే ఆ చికిత్స. ‘ప్రాథమిక అవగాహన’ అన్నప్పుడు విద్యార్థిని ఎంత లోతున దించాలన్నది విధానపత్రం చెప్పదు. చీలమండ దాకానా, మెడ దాకానా? అంతకంటె ముఖ్యమైన సందిగ్ధత మరొకటి ఉంది. ఆయుర్వేదం నేర్పడం వేరు, ఆయుర్వేదాన్ని గురించి నేర్పడం వేరు. మొదటిదానివల్ల విద్యార్థికి ఒక చికిత్సాపద్ధతి చేతికి వస్తుంది. రెండవదానివల్ల, తన రోగి నడిచివచ్చిన దారి అతనికి తెలుస్తుంది. తెలుగులో ‘గురించి’ అన్న ఒక్క మాటతో తేలిపోయే ఈ భేదాన్ని విధానపత్రం తేల్చకుండా వదిలేసింది. తరువాత పుట్టిన వివాదాల్లో సగం ఈ వదిలివేత ఫలితమే.

2. ప్రత్యామ్నాయం: పదవిచారం

ఆంగ్లంలోని మాటకు సమానార్థకంగా తెలుగులో ‘ప్రత్యామ్నాయ వైద్యం’ అన్న పదబంధం పత్రికల ద్వారా స్థిరపడింది. అనువాదం చేసినవారు ఊహించి ఉండకపోవచ్చు గాని, ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. ఆమ్నాయమంటే పరంపరగా వచ్చిన వేదం. ధర్మశాస్త్ర వ్యవహారంలో ప్రత్యామ్నాయమంటే, విధించిన ప్రాయశ్చిత్తాన్ని యథావిధిగా ఆచరించలేనివాడు దానికి బదులుగా చేసేది. కృచ్ఛ్రవ్రతం చేయలేనివాడు గోదానం చేస్తాడు; గోదానమూ కుదరనివాడు దాని వెల ఇస్తాడు. అంటే ఈ పదంలో ముఖ్యం, గౌణం అన్న తారతమ్యం ముందే ఉంది. ముఖ్యమైనది కుదరనప్పుడే ప్రత్యామ్నాయానికి చోటు. మన దేశంలో ఆయుర్వేదాన్ని ఈ పేరుతో పిలవడం విడ్డూరమైన తారుమారు. వెయ్యేళ్ళకు పైగా ఆమ్నాయంగా ఉన్నది రెండు వందల ఏళ్ళలో ప్రత్యామ్నాయమైంది.

ఎదుటి పదం కూడా నిర్దోషి కాదు. ‘అల్లోపతి’ అన్న పేరును ఆధునిక వైద్యులు తమకు తాము పెట్టుకోలేదు. హోమియోపతి స్థాపకుడు హానిమన్, తన కాలపు వైద్యాన్ని నిందించడానికి ఆ మాట కల్పించాడు. నెత్తురు తీయడం, విపరీతంగా విరేచనాలు చేయించడం వైద్యంగా చెలామణి అయిన కాలమది. అతని నిందలో న్యాయం ఉంది. ఆ వైద్యం ఏనాడో పోయింది, పేరు మాత్రం భారతదేశంలో ప్రభుత్వపత్రాల్లో నిలిచింది. ఒక పక్షం తిట్టుగా కల్పించిన పేరుతో రెండవ పక్షాన్ని పిలుస్తూ ఇద్దరినీ సమన్వయపరుస్తామనడం, సంధి మాటల సభలో ఒకరిని ఎగతాళి పేరుతో పిలవడం వంటిది.

‘ఆయుష్’ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1995లో భారతీయ వైద్యపద్ధతులు, హోమియోపతి పేరిట ఏర్పడిన కేంద్ర విభాగానికి 2003లో ఈ పేరు వచ్చింది. 2014లో అది మంత్రిత్వశాఖ అయింది. ఆంగ్లాక్షరాల కూర్పు సంస్కృతంలోని ‘ఆయుస్సు’లా వినిపించడం కూర్చినవారి నేర్పు. ఆ గొడుగు కింద యునానీ పేరులోనే గ్రీసు ఉంది, హోమియోపతి పుట్టుక జర్మనీలో. త్రిదోష సిద్ధాంతంపై నిలిచిన ఆయుర్వేదానికీ, మందు ఎంత పలచబడితే శక్తి అంత పెరుగుతుందనే హోమియోపతికీ సిద్ధాంతపరంగా చుట్టరికం లేదు. వీటన్నిటినీ ఒకే పాఠ్యభాగంగా ‘పరిచయం’ చేయబూనినప్పుడు, వీటిలో సమానమైనది ఆధునిక వైద్యం కాకపోవడం ఒక్కటే. అభావం ఆధారంగా కట్టిన వర్గం పాఠ్యప్రణాళికకు పునాది కాలేదు.

తెలుగు జనవ్యవహారం ఈ విషయంలో ఎక్కువ స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు మందు, నాటు మందు, ఆకు పసరు, హోమియో గుళికలు: ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క సందర్భం. ‘వైద్యుడు’ అన్న మాట మాత్రం రెండు వైపులా నిలిచింది. పత్రికలో ‘ప్రభుత్వ వైద్యులు’ అంటే ఎం.బి.బి.ఎస్. చదివినవారు, పల్లెలో ‘ఆ ఊళ్ళో వైద్యుడున్నాడు’ అంటే వేరు. నమోదైన వైద్యవృత్తిదారుడు అన్న అర్థంతో పుట్టిన ‘ఆర్.ఎం.పి.’ అన్న పొట్టి పేరు, మన రెండు రాష్ట్రాల్లో సరిగ్గా నమోదు కానివాడికే వాడుకపేరైంది. పదాలు ఇలా దారితప్పిన చోట, పాఠ్యప్రణాళిక మొదటి పాఠం పదాల గురించే కావడం న్యాయం.

3. మద్రాసు ప్రయోగం

రెండు వైద్యాలను ఒకే తరగతిగదిలో బోధించడం కొత్త ఊహ కాదు. 1822లో కలకత్తాలో ప్రారంభమైన దేశీయ వైద్యసంస్థ దేశభాషల్లో పాశ్చాత్య వైద్యాన్ని చెప్పింది. ఆ దశాబ్దంలోనే సంస్కృత కళాశాలలో, మదరసాలో వైద్యతరగతులు నడిచాయి. 1835లో వాటిని ఎత్తివేసి ఆంగ్లమాధ్యమంలో కలకత్తా వైద్యకళాశాలను స్థాపించారు. ఆ కళాశాలలో శవచ్ఛేదనానికి చేయి చాచిన తొలి భారతీయునిగా ప్రసిద్ధికెక్కిన మధుసూదన గుప్త సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చదివినవాడే. శవాన్ని పరిశీలించే పద్ధతిని సుశ్రుతుడు తన శారీరస్థానంలో వర్ణించాడన్నది గుర్తుచేసుకుంటే, ఆ రోజు తెగింది ఆచారమే గాని శాస్త్రం కాదని తెలుస్తుంది.

తెలుగువారికి మరింత దగ్గరి కథ మద్రాసుది. 1918 ప్రాంతంలో దేశీయ ఔషధాలను పరీక్షించే పని డాక్టర్ కోమన్‌కు మద్రాసు ప్రభుత్వం అప్పగించింది. ఆయన నివేదికలు ఆయుర్వేదానికి అనుకూలంగా లేవు. పండితులు తీవ్రంగా స్పందించారు. మద్రాసులో ఆయుర్వేద బోధనకు ఆద్యుల్లో ఒకరైన పండిత డి. గోపాలాచార్యులు ఆ ప్రతిస్పందనలో ముందున్నారు. తరువాత ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. దాని నివేదిక 1923లో వచ్చింది. సంఘానికి కార్యదర్శిగా ఉన్న జి. శ్రీనివాసమూర్తి పాశ్చాత్య వైద్యపట్టా పొంది సైన్యంలో పనిచేసినవారు. ఆ నివేదికకు జోడించిన ఆయన విజ్ఞాపనపత్రం దేశీయ వైద్యాన్ని శాస్త్రంగానూ కళగానూ విడివిడిగా పరిశీలిస్తుంది. సంఘం ప్రశ్నావళికి వచ్చిన సమాధానాలను తెలుగుతో సహా పలు భాషల్లో ప్రచురించడం విశేషం. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ తెలుగు శాస్త్రవచనాన్ని పరిశీలించదలచిన వారికి ఆ సంపుటం ఒక గని. తెలుగుశాఖల్లో దానిపై పని జరగవలసి ఉంది.

నివేదిక ఫలితంగా 1920ల నడుమ మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వెలిసింది. శ్రీనివాసమూర్తి దానికి ప్రధానాచార్యుడు. ఎల్.ఐ.ఎం. అన్న పట్టా కోసం అక్కడ ఆయుర్వేద, సిద్ధ, యునానీ విభాగాలతో పాటు ఆధునిక శరీరశాస్త్రాన్ని, శస్త్రచికిత్సను కూడా చెప్పారు. పాఠశాల కళాశాలగా ఎదిగింది. స్వాతంత్ర్యానంతరం 1948 నాటి చోప్రా సంఘం రెండు వైద్యాల సంశ్లేషణను సమర్థించింది. ఆ ఊపు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1960లో ఆ సంస్థ స్థానంలో కీల్పాక్ వైద్యకళాశాల ఏర్పడింది. అదే ఏడాది కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని ఆయుర్వేద కళాశాల కూడా ఆధునిక వైద్యకళాశాలగా మారింది. ఎంతో దూరంలోని రెండు సంస్థలు ఒకే ఏడాది ఒకే మలుపు తిరగడాన్ని కాకతాళీయమని తోసిపుచ్చలేము.

కారణం కుట్ర అని కొందరు, ఆయుర్వేదం అశాస్త్రీయమని కొందరు తేల్చేశారు. తరగతిగది వైపు నుంచి చూస్తే వేరొకటి కనిపిస్తుంది. ఉదయం వాతపిత్తకఫాల వైషమ్యం, మధ్యాహ్నం సూక్ష్మజీవులు రోగకారణాలుగా విన్న విద్యార్థికి, ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టే పాఠం ఏ పీరియడ్‌లోనూ లేదు. సమన్వయం పాఠ్యప్రణాళికలో పక్కపక్కన వరుసలుగా ఉంది, బోధనలో లేదు. కలిపే భారం విద్యార్థి తలపైనే పడింది. పైగా పట్టా విలువలో అసమానత. ఎం.బి.బి.ఎస్. వానికి దక్కే జీతం, గౌరవం తనకు దక్కనప్పుడు, తనకు సగం తెలిసిన ఆధునిక వైద్యం వైపే ఆ పట్టభద్రుడు జరిగిపోయాడు. అప్పటి సమ్మిశ్ర కళాశాలల్లో విద్యార్థుల అసంతృప్తి, సమ్మెలు దీని పర్యవసానం. మరోవైపు ‘శుద్ధ ఆయుర్వేద’ వాదులు ఈ మిశ్రమాన్ని సంకరమన్నారు. 2025లో పుదుచ్చేరి జిప్మర్‌లో ఎం.బి.బి.ఎస్., బి.ఎ.ఎం.ఎస్. కలిసిన కోర్సును ప్రకటించినప్పుడు దానిని దేశంలో మొదటిదిగా చెప్పుకున్నారు. మద్రాసు, కాశీ అనుభవాలను ఎవరైనా గుర్తుచేసి ఉంటే ఆ విశేషణం కాస్త తడబడేది.

ఈ చరిత్రలో ఒక ఉపకథ తెలుగువారు తరచు గర్వంగా చెప్పుకుంటారు గాని, దాని విద్యాపరమైన అంతరార్థాన్ని పట్టించుకోరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. ఆపై ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. లక్ష్మీపతి స్వయంగా ఎం.బి.సి.ఎం. పట్టభద్రులు, పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదానికి మళ్ళినవారు. సుబ్బారావుకు సోకిన స్ప్రూ వ్యాధి లక్ష్మీపతి మందుతో నయమైందని జీవితచరిత్రకారులు చెబుతారు. అంతకుముందు ఆయన సోదరులిద్దరు ఆ వ్యాధితోనే మరణించారు.

సుబ్బారావు ఆ అనుభవంతో ఆయుర్వేద ప్రచారకుడు కాలేదు. దాన్ని మరిచిపోనూ లేదు. అమెరికా వెళ్ళి జీవరసాయనంలో పరిశోధన చేశారు. 1940లలో లెడర్లె ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. అది స్ప్రూకు మందైంది. ఆ దారిలోనే పుట్టిన ఫోలిక్ విరోధులు రక్తక్యాన్సరు చికిత్సను మార్చివేశాయి. మద్రాసు మందుకూ ఫోలిక్ ఆమ్లానికీ నేరుగా గొలుసు కట్టడం తగదు. అలా కట్టే వ్యాసాలు మన పత్రికల్లో కొన్ని వచ్చాయి, వాటిలో ఉత్సాహమే తప్ప ఆధారం లేదు. ఇక్కడ గమనించవలసింది ఆ యువకుడి వైఖరి. ‘నయమైంది’ అన్నది అతనికి నిర్ణయం కాలేదు, ప్రశ్న అయింది: ఏది నయం చేసింది? వైద్యవిద్యార్థికి దేశీయ వైద్యం గురించి చెప్పవలసిన పాఠమేదైనా ఉంటే, ఆ ప్రశ్న వేయడమే.

4. ప్రతిజ్ఞ చేతికిచ్చి, పాఠం దాచి

2022 మార్చిలో జాతీయ వైద్యమండలి, విద్యార్థులు వైద్యవిద్యలో అడుగుపెట్టే సమయంలో ‘మహర్షి చరక శపథం’ చేయించవచ్చునని సూచించింది. ఏప్రిల్ చివర మదురై వైద్యకళాశాలలో ఆ ప్రతిజ్ఞ చేయించినందుకు డీన్‌ను పదవినుంచి తప్పించి, కొద్దిరోజుల్లోనే తిరిగి నియమించారు. వివాదమంతా హిపోక్రటిస్ కావాలా, చరకుడు కావాలా అన్న రీతిలో సాగింది. మూలపాఠాన్ని తెరిచినవారు తక్కువ.

చరక సంహిత విమానస్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో ఈ శిష్యోపదేశం ఉంది. ప్రాణాపాయం వచ్చినా రోగికి ద్రోహం తలపెట్టకూడదని, రోగి ఇంటి గుట్టు బయటపెట్టకూడదని అందులోని ఆదేశాలు ఏ కాలానికైనా వర్తిస్తాయి. అదే ఉపదేశంలో, రాజుకు గిట్టనివారికి మందు ఇవ్వరాదని, భర్తగాని సంరక్షకుడుగాని దగ్గర లేని స్త్రీకి చికిత్స చేయరాదని కూడా ఉంది. నేటి ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో ఈ నిబంధనలు పాటిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. హిపోక్రటిస్ ప్రతిజ్ఞలోనూ నేటికి చెల్లనివి ఉన్నాయి. అందుకే ప్రపంచంలో చాలాచోట్ల 1948 నాటి జెనీవా ప్రకటన వంటి సవరించిన పాఠాలనే వాడుతున్నారు. పాత ప్రతిజ్ఞను సవరించి వాడుకోవడం తప్పు కాదు. సవరించి, సవరించిన సంగతి విద్యార్థికి చెప్పకపోవడం తప్పు. అలా చేస్తే ప్రాచీనగ్రంథం పాఠంగా కాక ప్రతిమగా మారుతుంది.

అసలు నష్టం ఇంకొకటి. ప్రతిజ్ఞ చుట్టూ ఉన్న అధ్యాయమంతా వైద్యబోధనాశాస్త్రమే. అది మొదలయ్యేది ప్రతిజ్ఞతో కాదు, పరీక్షతో. వైద్యుడు కాదలచినవాడు ముందు శాస్త్రాన్ని పరీక్షించాలని, లోకంలో రకరకాల వైద్యశాస్త్రాలు తిరుగుతుంటాయి కనుక వాటిలో ఎంచుకోవాలని, ఆపైన ఆచార్యుణ్ణి కూడా పరీక్షించాలని చరకుడు అంటాడు. తరువాత ఆ శాస్త్రం తెలిసినవారితో సంభాషణ ఎలా చేయాలో చెబుతాడు. కలిసి ఆలోచించే సంధాయసంభాష ఒకటి, వాదించి నెగ్గే విగృహ్యసంభాష ఒకటి. హేతువు, దృష్టాంతం, సంశయం, హేత్వాభాసం వంటి వాదమార్గపదాలు నలభై నాలుగింటిని వివరిస్తాడు. బుద్ధిమంతుడికి లోకమంతా ఆచార్యుడేనని, శత్రువు చెప్పినా మంచిమాట వినాలని కూడా అక్కడే అంటాడు. నేటి విద్యార్థికి పాఠంగా చెప్పదగినది ఇదంతా. శాస్త్రాన్ని ముందుగా అనుమానించి చూడమన్న గ్రంథంలోంచి విధేయత ప్రకటించే భాగాన్ని మాత్రమే ఏరి చేతికివ్వడం, ఆ గ్రంథంపై గౌరవంతో చేసిన పనిగా కనిపించదు.

సుశ్రుతుడు కూడా ఒకే శాస్త్రం చదివినవాడు శాస్త్రనిశ్చయం చేయలేడని అంటాడు. దీనిని ఆయుష్ బోధనకు సమర్థనగా ఉటంకించేవారున్నారు. ఆ మాట అన్నివైపులా తెగుతుంది. గణాంకశాస్త్రం తెలియకుండా ఏ మందుకైనా గుణముందని తేల్చేవారికి కూడా అది వర్తిస్తుంది.

5. ‘వేడి చేసింది’: రోగి మాట, వైద్యుని కాగితం

ఇంతవరకు వచ్చిన చర్చల్లో అతి తక్కువగా కనిపించిన వ్యక్తి రోగి. తెలుగు రోగి భాషను కాస్త నిదానంగా వింటే, దేశీయ వైద్యబోధన ఎక్కడ అవసరమో తేటపడుతుంది.

‘నాకు వేడి చేసిందండీ’ అన్న వాక్యాన్ని తీసుకోవచ్చు. వ్యాకరణరీత్యా దీనికి కర్త తెలియదు. ఏది చేసిందో రోగి చెప్పడు. అర్థం కూడా ఒకటి కాదు. మూత్రంలో మంట కావచ్చు, నోటిపూత కావచ్చు, కళ్ళమంట కావచ్చు, సెగగడ్డ కావచ్చు. సెగగడ్డ పేరులోనే సెగ ఉంది. జ్వరం మాత్రం కాదు. దానికి ‘ఒళ్ళు వెచ్చబడింది’ అంటారు. ఆంగ్లంలో చదువుకున్న విద్యార్థి ఈ మాట విని లక్షణమేదో అడిగి తెలుసుకుని, దాని ఆంగ్లనామాన్ని కాగితంపై రాస్తాడు. లక్షణం చేరింది. రోగి తన జబ్బుకు చెప్పుకున్న కారణం రాలిపోయింది. కారణంతో పాటు ఒక సమాచారం కూడా రాలిపోతుంది. వేడి చేసిందని నమ్మినవాడు ఆసుపత్రికి వచ్చేముందు చలవ చేసేదేదో తీసుకునే ఉంటాడు. సబ్జాగింజలైతే చింత లేదు. ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన భస్మమైతే?

వాతం, పైత్యం, పథ్యం, నంజు - ఇవన్నీ ఇలాంటివే. శాస్త్రంలోని పిత్తం తెలుగు వ్యవహారంలో పైత్యమై, కళ్ళు తిరగడం నుంచి వెర్రితనం వరకు వ్యాపించింది. ‘వీడికి పైత్యం ముదిరింది’ అన్నప్పుడు ఎవరూ కాలేయాన్ని తలచుకోరు. నంజు అన్న మాటకు ఆంగ్లంలో సరైన సమానార్థకం లేదు. పుండుకు చీము పట్టించే, వాపు తెచ్చే ఆహారగుణమని దాన్ని స్థూలంగా చెప్పుకోవచ్చు. శస్త్రచికిత్స తరువాత రోగికి గుడ్డు, పప్పు పెట్టమని వైద్యుడు చెబితే, నంజు భయంతో ఇంటివారు పెట్టరు. బాలింతకు కూరలు మాన్పించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వైద్యుడు చెప్పిన ‘పౌష్టికాహారం’ అన్న మాట ఆ వంటింటి గడప దాటదు. ఈ పదాలు గ్రంథస్థ ఆయుర్వేదం కావు. వాటిని తెలుసుకోవడానికి చరకుడు చాలడు. కొత్తూరు బసవరాజు కూర్చిన బసవరాజీయం వంటి గ్రంథాలు ఆంధ్రదేశపు వైద్యుల చేతుల్లో తరతరాలు తిరిగి శాస్త్రానికీ వాడుకకూ వంతెన వేశాయి. ఔషధచట్టం మొదటి షెడ్యూలులోని ఆయుర్వేద గ్రంథాల జాబితాలో బసవరాజీయం పేరు ఇప్పటికీ ఉంది. తెలుగు విద్యార్థికి చెప్పే పాఠంలో మాత్రం దాని ప్రస్తావన రాదు.

పచ్చకామెర్ల ఉదాహరణ ఇంకా బలమైనది. తెలుగునాట పచ్చకామెర్లకు పసరు తాగించడం, కంట్లో పసరు పోయడం, చేతికి వాత పెట్టడం అందరూ ఎరిగినవే. కలుషితాహారం, నీటిద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొద్దివారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. తగ్గిన ఖ్యాతి పసరుకు దక్కుతుంది. పసరును మూఢనమ్మకమని తీసిపారేసే పాఠం విద్యార్థికి ఏమీ నేర్పదు. జబ్బు సహజగతి అంటే ఏమిటో, మందు తరువాత తగ్గడానికీ మందువల్ల తగ్గడానికీ తేడా ఏమిటో చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు. ఆ తర్కం తెలిసిన విద్యార్థి దాన్ని రేపు తాను రాసే యాంటీబయాటిక్ మీద కూడా ప్రయోగించుకుంటాడు. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ ఇచ్చి, తగ్గితే తన ఖాతాలో వేసుకునే వైద్యుడికీ పసరు పోసేవాడికీ తర్కంలో భేదం లేదు.

ఇక్కడ ప్రమాదం ఊహాజనితం కాదు. కోవిడ్ కాలంలో రోగనిరోధకశక్తి పేరిట తిప్పతీగ వాడకం విపరీతంగా పెరిగింది. 2021లో ముంబయి వైద్యులు అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతినడాన్ని ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ, వాడినది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అని ఆక్షేపించింది. ఆక్షేపణ సమంజసమే. అయితే పెరటి గోడమీది తీగను కోసుకుని కషాయం కాచుకున్నవారికి ఆ రెండు తీగల భేదం ఎవరు చెప్పాలి? మందుమొక్కల పేర్లు, రూపాలు పశువుల కాపరులకు, అడవిలో తిరిగేవారికి కూడా తెలుసునని, వాటి ప్రయోగం తెలియడం వేరని చరకుడు సూత్రస్థానంలోనే హెచ్చరించాడు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న డెబ్బై ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు కనిపించాయి. ప్రవాసాంధ్రుల ఇళ్ళకు కూడా సరుకులు వెళ్ళేది అలాంటి దుకాణాల నుంచే. రక్తహీనతతో, కడుపునొప్పితో వచ్చిన రోగిని భస్మాల గురించి అడగడం తెలియని వైద్యుడు సీసాన్ని చివరిదాకా అనుమానించడు.

సర్పగంధ కథ మరో కొస. 1931లో కలకత్తాలో సేన్, బోస్ దాని గుణాలను ప్రకటించారు; 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ రక్తపోటుపై దాని ప్రభావాన్ని బ్రిటిష్ హృద్రోగ పత్రికలో వివరించారు; 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. తరువాత ఆ మందు దుష్ఫలితాలు, ముఖ్యంగా మానసికమైన కుంగుబాటు, చర్చకు వచ్చి వాడుక తగ్గింది. మూలికకు దక్కిన గౌరవం, దాని పరిమితి రెండూ ఒకే పరీక్షనుంచి వచ్చాయి. ఔషధశాస్త్రపాఠంలో రిసర్పిన్ పేరు ఇప్పటికీ ఉంటుంది. అది వచ్చిన దారి ఒక పంక్తికి మించదు.

6. ఆక్షేపణలు

బోధిస్తే గౌరవం కల్పించినట్టవుతుందన్నది బలమైన ఆక్షేపణ. అమెరికాలో ఈ వాదం ముందే నడిచింది. 1998లో ప్రచురితమైన ఒక సర్వే ప్రకారం, సమాధానమిచ్చిన 117 వైద్యకళాశాలల్లో 75 ఇటువంటి కోర్సులను అందిస్తున్నాయి. అదే ఏడాది ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక సంపాదకులు, వైద్యం రెండు రకాలు కాదని, పరీక్షకు నిలిచినది, నిలవనిది అన్న విభాగమే ఉందని వాదించారు. వాదం తర్కానికి నిలుస్తుంది. రోగి గదిలో మాత్రం దానికి పని తక్కువ, ఎందుకంటే పరీక్షకు నిలవనిదాన్ని కూడా రోగి వాడుతూనే ఉంటాడు. వైద్యునికి తెలియనిదాన్ని బోధన గౌరవించినట్టు కాదు. తెలియకపోవడం వల్ల అది మాయమూ కాదు.

ఎం.బి.బి.ఎస్. పాఠ్యభారం ఇప్పటికే ఎక్కువన్నది రెండవ ఆక్షేపణ. ఇది నిజం. కొత్త పత్రం, కొత్త శాఖ, కొత్త పరీక్ష పెడితే మరొక బట్టీ పుస్తకం వెలుస్తుంది. అందుకే ఆయుష్ పేరిట ప్రత్యేక పత్రం కన్నా, ఔషధశాస్త్రంలో సర్పగంధనూ భస్మాలనూ, సామాజికవైద్యంలో పసరునూ పథ్యాన్నీ, చరిత్రపాఠంలో మద్రాసునూ చేర్చడం తేలిక. 2019 నుంచి వైద్యవిద్యార్థులకు ప్రవేశపెట్టిన పునాది కోర్సులో స్థానికభాష కూడా ఒక అంశం. ఇతర రాష్ట్రాల విద్యార్థులకు ‘నొప్పి ఎక్కడ?’ వంటి వాక్యాలు నేర్పడంతో అది సరిపెట్టుకుంటోంది. తెలుగువాడైన విద్యార్థికి తెలుగు వచ్చు కనుక అతనికి అక్కర లేదని భావిస్తున్నారు. అతనికి వచ్చిన తెలుగు చాలావరకు బడి తెలుగు, సినిమా తెలుగు. నంజు, సెగ, వాత పెట్టడం అన్న మాటలు అతనికీ పరాయివే. విజయవాడ, వరంగల్లు ఆరోగ్యవిశ్వవిద్యాలయాలు రెండూ ఎం.బి.బి.ఎస్.తో పాటు ఆయుర్వేద, హోమియో కళాశాలలకు కూడా అనుబంధమిస్తున్నాయి. తెలుగుశాఖలు ఉన్న విశ్వవిద్యాలయాలు వాటికి ఎంతో దూరంలో లేవు. రోగి వాడే మాటలను ప్రాంతాలవారీగా సేకరించి ఒక చిన్న పదకోశంగా కూర్చే పనిని వైద్యులు, తెలుగు పరిశోధకులు కలిసి చేయవచ్చు. మాండలిక వృత్తిపదకోశాల సంప్రదాయం తెలుగులో ఉండనే ఉంది. వ్యవసాయం, చేనేత వంటి వృత్తుల పదాలను సేకరించిన పద్ధతే దీనికీ సరిపోతుంది.

అటువంటి కోశం ఒకటి తయారైతే దానిలో మొదట చేరవలసినది పదం కాదు, ఒక ప్రశ్న. ‘నాటుమందులేమైనా వాడావా?’ అని గద్దించినట్టు అడిగితే రోగి లేదనే అంటాడు. చీవాట్లు తింటానని అతనికి తెలుసు. ‘ఇక్కడికి రాకముందు ఇంట్లో ఏం చేసి చూశారు?’ అని అడిగితే పక్కనున్న తల్లో, భార్యో నోరు విప్పుతుంది. ఏ ఆకు, ఎవరిచ్చారు, పరగడుపునా, పాలల్లోనా, ఎన్నాళ్ళు - అన్నీ ఆ తరువాతే వస్తాయి.